కంబగిరి పచ్చ

బుధవారపేటలో పదకొండో ఇల్లు.
చెప్పులు విడవబోతే ఉరుకుందమ్మ వద్దంది:
"ఊడ్చను గూడా లేదు, అట్లే రా మా."
అయినా విడిచాను.
దుమ్ము ఇంటిదో వీధిదో తేల్చాలంటే
నా పాదాలు లెక్కలోకి రాకూడదు.

నాలుగేళ్ల జశ్విత నా చేతిలో మిషను చూసి
"తుపాకీనా?" అంది.
కాదు పాపా, గోడను అడిగేది.
నీ లోపల ఏముందీ అని.
"గోడ చెప్తాదా?"
చెప్తాది. మనుషులకంటే తొందరగా.

వంటింటి గోడ: సున్నం. సున్నా.
దేవుడి గూడు: పొగ, నూనె జిడ్డు. సున్నా.
పసుపు డబ్బాలోంచి చెంచాడు పొట్లం కట్టుకున్నాను,
దాన్ని కూడా నమ్మే రోజులు కావు.
వీధి కిటికీ.
మిషను కాసేపు ఊరుకుని
పదకొండు పాయింట్ నాలుగు అంది.
ఒకటి దాటితేనే ఎర్ర సిరా తీసే ఉద్యోగం నాది.

రెక్క మూసినప్పుడల్లా చట్రాన్ని ఒరుసుకుంటుంది.
ఒరిసిన చోట పిండి రాలుతుంది,
జొన్నపిండి కంటే మెత్తన.
అందులోనే మోచేతులానించి
పిల్ల బడి ఆటోలను లెక్కపెడుతుంది.
చెక్క అంచున పంటిగాట్లు. పాలపళ్లవి.
"ఎంత తిట్టినా నాకుతాది మేడమ్," అంది తల్లి సుంకులమ్మ,
"ఎందుకే అంటే తియ్యగుంటాది అంటాది."

నిజమే. తియ్యగానే ఉంటుంది సీసం.
ఇంట్లో ఎవరూ నమ్మని ఆ మాటను
ఇతర వివరాలు అనే చోట రాసుకున్నాను.

తడిబట్ట కింద పట్టి, చాకు మొనతో
గోరంత పెచ్చు లేపాను.
పైన క్రీము, సుంకులమ్మ పెళ్లినాటిది.
దాని కింద నీలం.
నీలం కింద వెంట్రుకంత మట్టిచార,
హంద్రీ, తుంగభద్రా ఒక్కటై
అటక దాకా వచ్చిన యేడుది.
ఎంత కడిగినా పోక రంగు కింద దాక్కుంది.
మట్టి కింద ఆకుపచ్చ.

ఆ పచ్చ నాకు తెలుసు.
కంబగిరి పచ్చ అనేవాళ్లు ఈ వీధుల్లో.
డబ్బా రంగు ఎవడైనా పూస్తాడు;
మా నాయన అందులో పిడికెడు పసుపుపచ్చ పొడి కలిపేవాడు,
ఎండకు వెలవకుండా.
కర్ర దొరక్కపోతే చేత్తోనే.
కిరసనాయిలుతో కడుక్కుని
ఆ చేత్తోనే నాకు రాగిముద్ద తినిపించేవాడు.
చివరేళ్లలో గ్లాసు ఎత్తబోతే
మణికట్టు వాలిపోయేది, నీళ్లు లేని మొక్కలాగ.
తాగుడు అన్నారు.
ఒక్కనాడూ తాగని మనిషిని.

"మీ నాయన వేసిందే గదా మా," అంది ఉరుకుందమ్మ,
నా మెడలో కార్డు మీద తండ్రి పేరు కూడబలుక్కుని.
"వరదకు గోడే ఉబ్బె గానీ
ఆయప్ప రంగు పెచ్చు లేయలే."
నేను తలూపాను. ఏమనాలి?

చెప్పాల్సినవి చెప్పాను.
గీకద్దు. ఉప్పుకాగితం పట్టుకుని ఎవరొచ్చినా రానీయద్దు.
పొరక వద్దు, తడిబట్ట, రెండు బకెట్ల నీళ్లు.
అన్నానికి ముందు పిల్ల చేతులు, గోళ్ల సందులతో సహా.
సోమవారం పెద్దాసుపత్రిలో రక్తం.
"సూదా?" అని పిల్ల వాళ్లమ్మ కొంగులో దూరింది.

ఫారంలో ఒక గడి ఉంది:
రంగు వేసిన వారు, తెలిస్తే.
పది ఇళ్లలో తెలియదని రాశాను.
ఇక్కడ పేరు రాశాను.
అక్షరాలు గడి దాటాయి,
బోర్డులు రాసేవాడి కూతుర్ని మరి.

ఉరుకుందమ్మ టీ ఇచ్చింది.
చేతులు రెండుసార్లు కడుక్కుని
కిటికీకి ఎడంగా కూర్చున్నాను.
గ్లాసు ఎత్తుతూ మణికట్టు వైపు చూసుకున్నాను.
నిలబడింది.

ఎదురింటి తలుపు పచ్చగా ఉంది.